అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు ఒకరినొకరు 'స్వామి' అని ఎందుకు పిలుచుకుంటారు? మాల వేయనివాళ్లు ఏమని పిలవాలి?

అడిగిన ప్రశ్న ఇది: "మా ఆఫీసులో మేనేజరు గారు, ఆయన కారు డ్రైవరు ఇద్దరూ ఈ ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నారు. ఒకరినొకరు 'స్వామి' అనే పిలుచుకుంటున్నారు. పూజకు వచ్చిన ఏడేళ్ల పిల్లాడిని కూడా అందరూ 'స్వామి' అంటున్నారు. మాల వేయని నేను వాళ్లను ఏమని పిలవాలి? వాళ్లు నన్ను 'స్వామి' అంటే ఏమనాలి? భార్య భర్తను ఏమని పిలవాలి? మాతో పనిచేసే ముస్లిం మిత్రుడు కూడా ఇబ్బంది పడుతున్నాడు. మాల తీసేశాక ఏం చేయాలి? వాళ్లిద్దరినీ మా ఇంటికి భిక్షకు పిలుద్దామనుకుంటున్నాను, తప్పు మాట్లాడతానేమో అని టెన్షన్‌గా ఉంది."

నేను గోదావరి జిల్లాలో చాలా ఏళ్లుగా మాల వేసుకుంటున్నాను. కొన్నేళ్లుగా గురుస్వామిగా ఇతరులకు మాల వేస్తున్నాను కూడా. కార్తీకం రాగానే కొత్తవాళ్లు వచ్చి నల్ల బట్టల గురించి, చన్నీళ్ల స్నానం గురించి, చెప్పులు లేకుండా నడవడం గురించి అడుగుతారు. పిలుపు గురించి అడిగేవాళ్లు చాలా తక్కువ. దీక్షలో అన్నిటికంటే ముందు మారేది మాత్రం పిలుపే. మెడలో మాల పడిన క్షణం నుంచి ఆ మనిషి పాత పేరు వెనక్కి వెళ్లిపోతుంది. మీరు అడిగింది మంచి ప్రశ్న, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. మాలలో ఉన్న ప్రతి మగవాడూ తోటి దీక్షాపరుడికి 'స్వామి'. వయసు, ఉద్యోగం, కులం, డబ్బు ఏదీ అడ్డురాదు. డ్రైవరు మేనేజరును స్వామి అంటాడు, మేనేజరు డ్రైవరును స్వామి అంటాడు. ఏడేళ్ల పిల్లాడు మాల వేసుకుంటే వాడూ స్వామే. ఈ పిలుపు రెండు వైపులా నడవాలి. డ్రైవరు 'స్వామి' అంటుంటే మేనేజరు 'ఒరేయ్' అంటున్నాడంటే అక్కడ దీక్ష లేనట్టే.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆ మాటకు మన దగ్గర ఇంకో చరిత్ర ఉంది. సంస్కృతంలో 'స్వామి' అంటే యజమాని. 'స్వ' అంటే తనది, తన సొంతం. ఆ సొంతం మీద అధికారం గలవాడు స్వామి. వ్యాకరణకర్త పాణిని ఈ మాట కోసం 'స్వామిన్నైశ్వర్యే' అని విడిగా ఒక సూత్రమే రాశాడు. ఐశ్వర్యం, అంటే అధికారం చెలాయించే శక్తి, ఉన్నవాడని దాని భావం. భూమి గలవాడు భూస్వామి. ప్రజలే స్వాములుగా ఉండే పాలన ప్రజాస్వామ్యం. మన పల్లెల్లో ఈ మాట 'సామీ' అయింది. పాలేరు రైతును 'సామీ' అన్నాడు, కూలి దొరను 'సామీ' అన్నాడు. కింద ఉన్నవాడు పైన ఉన్నవాడిని చూసి, తల వంచి అనే మాట అది. పైనున్నవాడు తిరిగి ఆ మాట అన్న సందర్భం లేదు.

అయ్యప్ప దీక్ష సరిగ్గా ఆ మాటనే తీసుకుని అందరికీ పంచింది. తాతల కాలంలో ఎవరి గుమ్మం ముందు నిలబడి 'సామీ' అన్నారో, ఆ ఇంటి మనవడు ఇప్పుడు మాలలో ఉంటే, కూలీ కొడుకును 'స్వామీ, రండి, కూర్చోండి' అనాలి. నా దృష్టిలో నలభై ఒక్క రోజుల చన్నీళ్ల స్నానం కంటే ఇదే పెద్ద నియమం. చన్నీళ్లు నాలుగో రోజుకు అలవాటైపోతాయి. పిలుపు చాలామందికి చివరి దాకా గొంతులో అడ్డుపడుతూనే ఉంటుంది.

మా బృందంలో ఒక ఏడాది ఒక రైస్ మిల్లు యజమాని, అదే మిల్లులో బస్తాలు మోసే హమాలీ ఒకే రోజు మాల వేసుకున్నారు. హమాలీ నోరు తిరగక 'అయ్యగారు స్వామి' అనేవాడు. యజమాని 'ఏరా స్వామీ' అనేవాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "మీరు 'అయ్యగారు' తీసేయండి, మీరు 'ఏరా' తీసేయండి. మిగిలింది ఏదో అదే దీక్ష." కొన్నాళ్లు పట్టింది. ఇరుముడి, అంటే యాత్రలో తల మీద పెట్టుకునే రెండు అరల మూట, కట్టే నాటికి యజమాని బకెట్టు పట్టుకుని పంక్తిలో వడ్డిస్తూ, "స్వామీ, ఇంకాస్త పప్పు వేయమంటారా?" అని హమాలీని అడిగాడు. ఆ 'వేయమంటారా'లోని బహువచనం నేను ఆ రోజు చెవులారా విన్నాను.

ఇక ఈ పిలుపు ఎక్కడి నుంచి వచ్చిందంటారా? శబరిమల సన్నిధానంలో, అంటే కొండ మీది ఆలయం దగ్గర, పదునెట్టాంబడి, అంటే పద్దెనిమిది మెట్లు, ఎక్కేముందు తలెత్తి చూస్తే ఆలయం ముందు 'తత్త్వమసి' అని రాసి కనిపిస్తుంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు చెప్పే మాట. 'అది నీవే' అని అర్థం. ఒకసారి చెప్పి ఊరుకోడు. మర్రి పండు లోపలి గింజను, నీళ్లలో కరిగిన ఉప్పును చూపించి, మొత్తం తొమ్మిది సార్లు చెబుతాడు. నువ్వు వెతుక్కుంటూ వచ్చినవాడు నీలోనే ఉన్నాడు అన్నమాట. లోపల కూర్చున్న మూర్తి స్వామి అయితే, మెట్లెక్కేవాడూ స్వామే, వాడి పక్కన తోసుకుంటూ ఎక్కేవాడూ స్వామే.

ఇరుముడిలోని నేతి కొబ్బరికాయ చెప్పేదీ ఇదే. ఇరుముడి కట్టేటప్పుడు కొబ్బరికాయ కన్నులోంచి నీళ్లు తీసేసి ఆవు నెయ్యి నింపి మూసేస్తాం. సన్నిధానంలో కాయ కొట్టి, ఆ నెయ్యితో స్వామికి అభిషేకం చేయిస్తాం. ఖాళీ చిప్పను హోమకుండంలో వేస్తాం. నెయ్యి జీవుడు, చిప్ప శరీరం అని పెద్దలు చెబుతారు. అందరి కాయల్లోని నెయ్యి ఒకే మూర్తి మీద పడి కలిసిపోతుంది. ఇది మేనేజరు నెయ్యి, ఇది డ్రైవరు నెయ్యి అని తర్వాత ఎవరూ వేరు చేయలేరు. ఇంట్లో, ఆఫీసులో, రోడ్డు మీద 'స్వామి' అనడం ఆ అభిషేకానికి ముందు నుంచే మొదలైన అభ్యాసం.

కేరళలో కూడా పిలుపు ఇంతే. యాత్రికులను 'స్వామి' అనో, నేరుగా 'అయ్యప్ప' అనో పిలుస్తారు. కొండ కింద పంబ నది నుంచి సన్నిధానం దాకా డ్యూటీలో ఉన్న పోలీసులు సైతం యాత్రికులను 'స్వామీ' అనే అంటారు. మెట్ల మీద మనల్ని చెయ్యి పట్టి పైకి లాగే పోలీసు కూడా 'స్వామీ, వేగం' అంటాడు. లాఠీ పట్టుకునే చెయ్యి, ఆ నోటి నుంచి ఈ మాట. తోపులాటలో కోపం రాకుండా చాలావరకు ఆపేది ఈ పిలుపే అని నేను నమ్ముతాను. ఒక మనిషిని 'స్వామీ' అని మొదలుపెట్టి, అదే వాక్యాన్ని తిట్టుతో ముగించడం కష్టం.

పిల్లల విషయానికి వద్దాం. పందళం రాజు రాజశేఖరుడికి పంబ ఒడ్డున మెడలో మణితో దొరికిన పసివాడు మణికంఠుడు. అందుకే మాల వేసుకున్న మగపిల్లలను 'మణికంఠ' అని, 'మణికంఠ స్వామి' అని ముద్దుగా పిలుస్తారు. ఉత్త 'స్వామి' అన్నా సరే. పిల్లాడే కదా అని 'రారా స్వామీ' అనకండి, 'రా స్వామీ' అనండి. ఇంకా బాగుండాలంటే 'రండి స్వామీ' అనండి. కొంతమంది పెద్దలకు ఇది అతిగా అనిపిస్తుంది. నాకలా అనిపించదు. పిల్లలు ఆ 'రండి'ని గమనిస్తారు. తమను పెద్దవాళ్లు మొదటిసారి 'మీరు' అన్న ఆ రోజులు వాళ్లకు గుర్తుండిపోతాయి.

ఆడవాళ్ల విషయంలో రెండు మాటలున్నాయి. ఆచారం ప్రకారం మాల వేసుకునే 10 ఏళ్లలోపు ఆడపిల్లలను, 50 దాటిన అమ్మలను 'మాలికాపురం' అంటారు. సన్నిధానం పక్కనే కొలువైన మాలికాపురత్తమ్మ పేరు మీదుగా వచ్చిన పిలుపు ఇది. గుడిలో ఉన్న స్వామి పేరు మగవాళ్లకు, పక్కనున్న అమ్మవారి పేరు ఆడవాళ్లకు. మాల వేయని ఆడవాళ్లందరినీ, చిన్నా పెద్దా తేడా లేకుండా, దీక్షలో ఉన్నవాళ్లు 'మాత' అంటారు. ఇంట్లో భార్యను, చెల్లెలిని, కూతురిని, బస్సులో పక్క సీటులో కూర్చున్నామెను కూడా. బ్రహ్మచర్య దీక్ష కాబట్టి కంటికి కనిపించే ప్రతి స్త్రీలోనూ తల్లినే చూడాలన్న నియమం ఈ పిలుపులో ఉంది.

భార్య భర్తను 'స్వామి' అంటుంది. 'ఏవండీ' ఈ నలభై ఒక్క రోజులూ పక్కన పెడుతుంది. పాత సాహిత్యంలో భార్య భర్తను 'స్వామీ' అనడం చూస్తాం, అది మగవాడు యజమాని అన్న అర్థంలో. దీక్షలో ఆమె అనే 'స్వామి'కి ఆ అర్థం అంటగట్టకూడదు. ఎందుకంటే ఇక్కడ తిరుగు పిలుపు ఉంది. ఆమె 'స్వామి' అంటే ఆయన 'మాత' అంటాడు. ఆయనకు వంట చేసి పెట్టే మనిషిని ఆయన తల్లి అని పిలవాలి, తల్లితో మాట్లాడినట్టే మాట్లాడాలి. పొద్దున్నే నాలుగింటికి లేచి, మడిగా వండి, ఇల్లు కడిగి, వచ్చిపోయే స్వాములందరికీ టీలు, పాలు కాచే ఆడవాళ్లది కూడా దీక్షే అని నేను ప్రతి కన్నెస్వామికీ, అంటే మొదటిసారి మాల వేసుకునేవాడికి, మాల వేసే రోజే చెబుతాను. 'మాతా, పాలు ఏవి?' అని గదమాయించే స్వామికి ఆ మాట అర్థం కానట్టే లెక్క.

కొడుకు మాలలో ఉండి తండ్రి మాలలో లేకపోతే తండ్రి కూడా కొడుకును 'స్వామి' అనే అనాలి. తల్లి అయినా అంతే. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు మాలలో ఉన్న కొడుకు కాళ్లకు దండం పెడతారు. చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. అక్కడ పెద్దలు మొక్కేది మాలకు, దానికున్న ముద్రకు, అంటే స్వామి బిళ్లకు. కొడుకు చేయాల్సిన పని ఒకటుంది. 'స్వామి శరణం' అని తాను కూడా వంగి తల్లిదండ్రుల కాళ్లకు మొక్కాలి. నిటారుగా నిలబడి మొక్కించుకోకూడదు. ఇద్దరు స్వాములు ఎదురైనా ఇదే పద్ధతి. ఎవరు ముందు వంగినా రెండోవాళ్లు కూడా వంగాలి.

స్వాముల్లో స్వాములకు తేడాలు లేవా అంటే, పిలుపులో కొన్ని ఉన్నాయి. మొదటి ఏడాది వేసుకున్నవాళ్లు కన్నెస్వామి. రెండో ఏడాది కత్తిస్వామి, మూడో ఏడాది గంటస్వామి, నాలుగో ఏడాది గదస్వామి, ఐదో ఏడాది పెరుస్వామి. ఆ తర్వాతి పేర్లు ఊరిని బట్టి కొంచెం మారతాయి. పద్దెనిమిదో ఏడాది కొబ్బరి మొక్క తీసుకెళ్లి సన్నిధానంలో సమర్పించడం ఉంది. 'గురుస్వామి' అన్న మాట కొన్ని ఊళ్లలో ఆరేడు సార్లు వెళ్లొచ్చినవాళ్లకే వాడేస్తారు, కొన్నిచోట్ల పద్దెనిమిది నిండితే తప్ప అనరు. ఇవన్నీ అనుభవాన్ని చెప్పే గుర్తులు. ఎదురుగా పిలిచేటప్పుడు మళ్లీ అందరూ 'స్వామి'యే. 'ఏయ్ కన్నెస్వామీ, ఆ చాప పట్టుకురా' అని కొత్తవాళ్లకు పనులు పురమాయించే సీనియర్లు కొన్ని పీఠాల్లో, అంటే స్వాములు కలిసి పూజ చేసుకునే చోట్ల, ఉన్నారు. అది కాలేజీ ర్యాగింగ్ అవుతుంది కానీ దీక్ష అవదు.

నిజానికి ఆచారంలో కన్నెస్వామికి ఉన్న విలువ తెలిస్తే ఎవరూ అలా పిలవరు. మాలికాపురత్తమ్మ స్వామిని పెళ్లాడతానంటే, నా కోసం కన్నెస్వాములు రాని ఏడాది నిన్ను పెళ్లాడతాను అన్నాడని కథ. కన్నెస్వాములు యాత్ర దారిలోని ఎరుమేలి ఊళ్లో చేసే పేట తుళ్లల్ అనే నృత్యంలో పట్టుకున్న శరాలను, అంటే బాణాలను, సన్నిధానానికి ముందు వచ్చే శరంగుత్తి అనే చోట గుచ్చి వెళ్తారు. సంక్రాంతి నాటి మకరవిళక్కు ఉత్సవం రోజుల్లో అమ్మవారు ఊరేగింపుగా శరంగుత్తి దాకా వచ్చి, అక్కడ గుచ్చిన శరాలను చూసి, ఈ ఏడాదీ కన్నెస్వాములు వచ్చారని తెలుసుకుని వెనుదిరుగుతుంది. స్వామి బ్రహ్మచర్యం ఏటేటా నిలబడుతోందంటే కొత్తగా వచ్చే ఆ కన్నెస్వామి వల్లే. నేను అయితే పీఠంలో కన్నెస్వామిని ముందు కూర్చోబెడతాను.

పేరు చేర్చి పిలవవచ్చా? చేర్చవచ్చు. పదిమంది ఉన్నచోట 'స్వామీ' అంటే పదిమందీ తిరుగుతారు కాబట్టి 'శ్రీను స్వామి', 'రాజు స్వామి' అనడం మామూలే. నాకు నచ్చనిది వేరే ఉంది. పేరుకు బదులు కులం చేర్చి 'ఫలానా వారి స్వామి' అనడం, వాట్సాప్ గ్రూపుల్లో 'మేనేజర్ స్వామి', 'డ్రైవర్ స్వామి' అని సేవ్ చేసుకోవడం. మాలతో పక్కన పెట్టిన వాటిని మళ్లీ మాట పక్కన తగిలించుకున్నట్టు. మీ ఆఫీసులో ఎవరైనా అలా అంటుంటే మెల్లగా పేరుకు మార్చండి.

మాల వేయని మీ విషయం. మీరు వాళ్లిద్దరినీ 'స్వామి' అనండి, ఇద్దరినీ ఒకే గొంతుతో. ఫోన్లో వాళ్లు 'హలో' బదులు 'స్వామి శరణం' అంటారు, మీరూ 'స్వామి శరణం' అంటే చాలు. వాళ్లు మిమ్మల్ని కూడా 'స్వామి' అంటారు. అప్పుడు 'అయ్యో, నేను మాలలో లేను' అని సంజాయిషీ చెప్పక్కర్లేదు. అది మీ మెడలో ఉన్నదాన్ని చూసి అన్న మాట కాదు, పైన చెప్పిన తత్త్వమసిని తలచుకుని అన్నది. మాల వేయనివాళ్లను 'సివిల్' అనే మాట మా వైపు స్వాముల్లో బాగా పాతుకుపోయింది. 'ఆయన సివిల్, ఆయన పక్కన కూర్చోకు' అంటుంటారు. నాకు ఈ మాట అంటే బాధ. శుచి కోసం దూరం పాటించడం వేరు, మనిషికి ముద్ర వేసి పక్కన పెట్టడం వేరు. దీక్ష ముగిసిన మర్నాడు మనమూ 'సివిల్'మే కదా.

మీ ముస్లిం మిత్రుడికి నా తరఫున చెప్పండి, ఆయన ఇబ్బంది పడాల్సిన పని లేదు. పేరు పెట్టి 'గారు' అన్నా ఏ స్వామీ నొచ్చుకోకూడదు. తన నమ్మకానికి అడ్డు అనిపిస్తే 'స్వామి' అనమని బలవంతం చేయడం అంతకంటే పెద్ద తప్పు. ఆయనకు ఇష్టమైతే మాత్రం ఒక సంగతి తెలియాలి. అయ్యప్ప కథలో స్వామికి ప్రాణస్నేహితుడు వావరు, ముస్లిం. ఎరుమేలిలో యాత్రికులు ముందు వావరు మసీదుకు వెళ్లి, ప్రదక్షిణ చేసి, ఆ తర్వాతే కొండదారి పడతారు. సన్నిధానంలో కూడా వావరుకు ఒక స్థానం ఉంది. భక్తులు ఆయనను పిలిచే పేరు 'వావరు స్వామి'. రాత్రి గుడి మూసేటప్పుడు వినిపించే హరివరాసనం పాడిన జేసుదాసు క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, శబరిమల యాత్ర చేసినవాడు. ఈ పిలుపు మతాన్ని బట్టి ఎవరికీ తలుపు వేయలేదు.

ఇది ఒక్క అయ్యప్ప దీక్షలోనే ఉన్న పద్ధతా అంటే, కాదు. విజయవాడ ఇంద్రకీలాద్రికి వెళ్లే భవానీ దీక్షలో ఎర్రబట్టలు కట్టిన మగవాళ్లు కూడా ఒకరినొకరు 'భవానీ' అనుకుంటారు. మీసాలున్న మనిషిని అమ్మవారి పేరుతో పిలవడం అక్కడ ఎవరికీ వింతగా ఉండదు. కొండగట్టుకు వెళ్లే హనుమాన్ దీక్షలోనూ, శ్రీశైలం వెళ్లే శివదీక్షలోనూ 'స్వామి' ఉంది. మహారాష్ట్రలో ఆషాఢంలో పండరిపురం నడిచివెళ్లే వారకరులు ఒకరినొకరు 'మావులీ' అంటారు, అంటే తల్లి. వాళ్లు తమ సంతు కవి జ్ఞానేశ్వరుడిని పిలుచుకునే పేరు అది. దారిలో ఎవరు ఎదురైనా పరస్పరం కాళ్లకు మొక్కుతారు. మన స్వాముల పద్ధతికి నేను చూసిన వాటిలో అతి దగ్గరగా ఉన్నది అదే. శ్రీవైష్ణవుల దారి కొంచెం వేరు. వాళ్లు తమను తాము 'అడియేన్' అని, దాసుణ్ణని తగ్గించుకుంటారు, ఎదుటి భక్తుణ్ణి భాగవతోత్తముడని పెంచుతారు. మనం తగ్గించుకోకుండానే ఎదుటివాణ్ణి పెంచుతాం, వాడు మనల్ని పెంచుతాడు. రెండూ గొప్పవే.

అందుకే నన్ను నేను పరిచయం చేసుకునేటప్పుడు 'స్వామి' చేర్చుకోను. అది ఎదుటివాళ్లు ఇవ్వాల్సిన మాట. 'నేను ఫలానా స్వామిని' అని అలవాటుగా అనేవాళ్లను తప్పు పట్టను కానీ, కన్నెస్వాములకు మాత్రం ఉత్త పేరు చెప్పమనే నేర్పుతాను. కారు మీద, విజిటింగ్ కార్డు మీద 'గురుస్వామి' అని వేయించుకోవడం నాకు అస్సలు నచ్చదు.

మాల తీసేశాక 'స్వామి' అనాల్సిన నియమం లేదు. యాత్ర ముగించుకుని వచ్చి, మాల విసర్జన చేసి, మామూలు బట్టల్లోకి వచ్చాక పాత పేర్లే వస్తాయి. తోటివాళ్లు కొందరు అలవాటుగా ఏడాదంతా స్వామీ అనుకుంటూనే ఉంటారు, అదీ బాగానే ఉంటుంది. నన్ను బాధపెట్టేది సంక్రాంతి వెళ్లిన వారం. మండలం, అంటే నలభై ఒక్క రోజులు, 'స్వామీ, భోంచేశారా?' అని అడిగిన నోరే, 'ఒరేయ్, కారు తీయరా' అనడం నేను చూశాను. మీ మేనేజరు గారు అలాంటివారని అనను. మీకు ఆయనతో చనువుంటే, మాల తీసే ముందే ఒక మాట చెప్పి చూడండి. 'స్వామి' పోయినా 'మీరు' ఉండిపోవచ్చు కదా అని. పేరు పక్కన 'గారు' పెట్టడానికి ఏ ముహూర్తమూ అక్కర్లేదు.

ఇక భిక్ష. మధ్యాహ్న భోజనాన్ని భిక్ష అంటారు, రాత్రి తినేదాన్ని అల్పాహారం అంటారు. 'భోజనానికి రండి' అన్నా ఎవరూ తప్పు పట్టరు కానీ, 'స్వామీ, రేపు మా ఇంట్లో భిక్ష స్వీకరించాలి' అంటే వాళ్ల మనసు నిండుతుంది. ఇద్దరినీ విడివిడిగా, ఎవరి దగ్గరికి వాళ్ల దగ్గరికి వెళ్లి పిలవండి. మేనేజరును పిలిచి 'డ్రైవర్ స్వామిని కూడా తీసుకురండి' అనకండి. రాగానే కాళ్లకు నీళ్లివ్వండి, ఇద్దరికీ ఒకే వరుసలో, ఒకే రకం చాప మీద ఆకులు వేయండి. వంటలో ఉల్లి, వెల్లుల్లి వద్దు. పప్పు, ఒక కూర, పులిహోర, సాంబారు, పెరుగు, వీలైతే పాయసం చాలు. తినే ముందు వాళ్లు శరణుఘోష చెబుతారు. వాళ్లు 'స్వామియే' అన్నప్పుడు మీరు 'శరణమయ్యప్ప' అని గొంతు కలపండి. వడ్డించేటప్పుడు మీ ఇంట్లో ఆడవాళ్లను వాళ్లు 'మాతా' అని పిలుస్తారని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నవ్వుతారు. భిక్ష అయ్యాక తాంబూలం, దక్షిణ మీ శక్తి కొద్దీ ఇవ్వండి, ఇద్దరికీ సమానంగా.